లోపలికి తీసిన ఊపిరి

గుద్రూన్ నంద్యాల స్టేషన్‌లో రైలు దిగిన పొద్దున మంచు బాగా పట్టి ఉంది. ప్లాట్‌ఫారం మీద మనుషులు ఆనడం లేదు. దీపాల చుట్టూ పసుపు గుండ్రాలు మాత్రం తేలుతున్నాయి. ఆ మంచులోంచి ముందు ఒక తెల్ల టోపీ, దాని వెనకే పొడుగాటి మనిషి నడిచి రావడం లూదియా చూసింది. అది 1975 డిసెంబరు.

లూదియా కాలువ వైపున్న ఒక చిన్న మిషన్ దవాఖానాలో నర్సు. దొర్నిపాడు దగ్గర పత్తి చేలల్లో కూలికి పోయే తల్లిదండ్రులకు పుట్టి, మిషన్ హాస్టల్లో చదువుకుని, ముప్పై నాలుగేళ్లకు ఆ దవాఖానాలో అందరికంటే పాత మనిషి అయింది. ఇంగ్లీషు వచ్చు కాబట్టి, స్వీడన్ నుంచి వస్తున్న కొత్త నర్సమ్మను తీసుకురావడానికి ఆమెనే పంపించారు.

"ప్రయాణం బాగా జరిగిందా సిస్టర్?" అని అడిగింది.

గుద్రూన్ పెదాలు కొంచెం ముందుకు పెట్టి, ఊపిరి చటుక్కున లోపలికి లాక్కుంది. "హుప్" అని చిన్న శబ్దం వచ్చింది. కాలి కింద తేలు కనిపిస్తే ఎవరైనా అట్లాగే లాక్కుంటారు. లూదియా ఎగిరిపడి నేల చూసింది. ఏమీ లేదు. తలెత్తి చూస్తే ఆమె నవ్వుతూ ఉంది.

"పెట్టెలన్నీ వచ్చాయా?"

మళ్లీ "హుప్".

నాలుగు రోజులకు లూదియాకు అర్థమయింది. ఆమెకు అది అవునని చెప్పడం. అన్నం తిన్నారా అంటే అంతే. ఈ గది సరిపోతుందా అంటే అంతే. కానీ అట్లా ఎందుకు చేస్తావని లూదియా అడగలేదు. ఒక మనిషి ఊపిరి తీసుకునే తీరు గురించి ఆ మనిషినే అడగడం మర్యాద కాదనిపించింది. ఏడాది తిరిగేసరికి ఆ శబ్దం ఆమె చెవికి వింతగా తోచడం కూడా మానేసింది.

గుద్రూన్‌కు తిప్పలు పెట్టింది ఇక్కడి వాళ్ల తలకాయలు. మందు వేసుకున్నావా అని అడిగితే ఆడవాళ్లు తల పక్కకు వాల్చి, మళ్లీ నిలబెట్టేవాళ్లు. వేసుకోలేదనుకుని ఆమె రెండోసారి ఇవ్వబోయేది. "అది అవునని సిస్టర్" అని లూదియా చెప్పింది. గుద్రూన్ తన నీలం నోటుబుక్కులో రాసుకుంది. ఆ తర్వాత ఎవరు తల వాల్చినా ఆమె ముఖం వెలిగిపోయేది, ఒక తాళం తీయడం వచ్చినదానిలా.

ప్రతి శుక్రవారం డ్రైవర్ ఇస్సాకు జీపులో ఇద్దరినీ ఆళ్లగడ్డకు తీసుకుపోయేవాడు. ఎడమ వైపు నల్లమల కొండలు పొగలాగా వెంట వచ్చేవి. దారికి రెండు పక్కలా నల్లరేగడి. ఆ గంటసేపు గుద్రూన్ మాట్లాడేది కాదు. కిటికీ కడ్డీ పట్టుకుని, నిద్రలో చూస్తున్నట్టు చూస్తూ కూర్చునేది. ఒకసారి మాత్రం, "మా ఊళ్లో మంచు కురిసినప్పుడు కూడా ఇంతే, ఎంత పోయినా ఒకటే రంగు" అంది. లూదియా ఆ నల్లటి నేలనంతా తెల్లగా ఊహించుకోబోయింది. ఊహకు రాలేదు. పత్తి పగిలిన రోజులు తప్ప ఇంకేమీ గుర్తుకు రాలేదు.

ఆళ్లగడ్డలో ప్రార్థన మందిరం వెనక ఒక గది, దాని ముందు వసారా. గదిలో గుద్రూన్ గర్భిణీలను చూసేది. వసారాలో లూదియా సూదులు వేసేది. మాట తెలియనప్పుడు లోపలి నుంచి పిలుపు వచ్చేది, లూదియా లేచి పోయేది.

1977 నవంబరులో ఒక శుక్రవారం ప్రమీలమ్మ బండిలో వచ్చింది. దొర్నిపాడు దారిలో మూడు మైళ్ల అవతల పల్లె వాళ్లది. భర్త లక్ష్మీనారాయణది తాతల నాటి సేద్యం. ఆమెకు ఇరవై ఆరేళ్లు. అంతకుముందు రెండు కాన్పులు పోయాయి, ఒకటి ఐదో నెలలో, ఇంకొకటి నెలలు నిండాక. ఇప్పుడు ఆరో నెల. మూడు శుక్రవారాలుగా వస్తూ ఉంది. వచ్చినప్పుడల్లా లూదియా పక్కన కూర్చుని, "లూదియక్కా, ఈసారన్నా నిలుస్తాదంటావా?" అని అడిగి పోయేది.

ఆ రోజు వసారాలో పద్నాలుగు మంది ఉన్నారు. లూదియాకు వెంట పోయే తీరిక లేక, ప్రమీలమ్మ ఒక్కతే లోపలికి పోయింది. గుద్రూన్ ఆమె కడుపు మీద చెక్క గొట్టం పెట్టి, రెండో కొనకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటూ ఉంది.

ప్రమీలమ్మ ఇక పట్టలేక అడిగింది. "బాగుండాదా దొరసానమ్మా?"

గుద్రూన్ తలెత్తింది. "హుప్" అని ఊపిరి లోపలికి లాక్కుంది.

ప్రమీలమ్మకు ఆ ఊపిరి తెలుసు. రెండేళ్ల కిందట నెలలు నిండిన బిడ్డను చేతుల్లోకి తీసుకున్న మంత్రసాని కూడా సరిగ్గా అట్లాగే లోపలికి లాక్కుంది. ఆ తర్వాత గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు ఈమె కూడా మాట్లాడలేదు. చిన్నగా నవ్వింది. చావు కబురు చెప్పలేనివాళ్లు అట్లాగే నవ్వుతారు గదా అనుకుంది ప్రమీలమ్మ.

గుద్రూన్ పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగులో అడిగింది. "మీరు కాన్పునకు నంద్యాలకు వచ్చెదరా?"

ప్రమీలమ్మ కళ్లు మూసుకుని తల ఒక పక్కకు వాల్చింది. వాల్చి, అట్లాగే ఉంచింది. ఇక ఎక్కడికి పోతే ఏమి, అని ఆమె అర్థం. గుద్రూన్ సంతోషంగా రిజిస్టరులో 'వస్తుంది' అని రాసుకుంది.

ప్రమీలమ్మ పైట కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వచ్చింది. లూదియా సూది పట్టుకునే తలెత్తి, "ఏమ్మా ప్రమీలమ్మా, అంతా బాగుండాదంటనా?" అని అడిగింది. ఆమె పలకకుండా పోయి బండి ఎక్కింది. ఎద్దుల మువ్వలు దూరమయ్యాయి. లూదియా మనసులో ఏదో చిన్న ముల్లు గుచ్చుకుంది గానీ, ఎదురుగా ఇంకో చేయి చాపి ఉంది. సూది వేసింది.

ఆ తర్వాత మూడు వారాలు ఎట్లా గడిచాయో ప్రమీలమ్మే చాలాకాలానికి లూదియాకు చెప్పింది. అవి నీళ్ల అడుగున ఉన్న రోజులంది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు అత్త రామేశ్వరమ్మకు చెప్పింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కోడలి తల మీద చేయి పెట్టి వంటింట్లోకి పోయింది. ప్రమీలమ్మ లోపలి గదిలో మంచం ఎక్కింది. నోటికి ఏది పెట్టుకున్నా మన్నులాగా ఉండేది. రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపేది. ఇంట్లో మాటలు గోడ అవతల నుంచి కాకుండా నీళ్ల అవతల నుంచి వస్తున్నట్టు వినిపించేవి. కిటికీలోంచి పత్తి చేను కనిపించేది. పొద్దున పసుపుగా విచ్చిన పూలు సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగేవి. వాటిని చూస్తూ పగలంతా పడుకునేది.

కడుపులో బిడ్డ కదిలేది. అదే ఆమెకు భరించలేనిదిగా ఉండేది. చచ్చిన బిడ్డ ఎట్లా కదులుతుంది? తన ఆశే తనను తన్నుతోందనుకుంది. పోయినసారి కూడా, బిడ్డ పోయాక పది రోజుల వరకూ కదిలినట్టే అనిపించింది. అందుకే ఇది కూడా అట్లాంటిదే అనుకుని, కదిలినప్పుడల్లా చేయి అడ్డం పెట్టి, "ఊరకుండు నాయనా, నువ్వు లేవు" అని చెప్పేది. కాసేపటికి అది ఊరకుండేది. అప్పుడు ఆమెకు ఇంకా ఏడుపు వచ్చేది.

మూడో శుక్రవారం కూడా ఆమె రాలేదు. ఆ పల్లె నుంచే వచ్చిన కమలాక్షమ్మ అనే ఆమెను లూదియా అడిగింది. "ప్రమీలమ్మ వస్తాలేదేంది?"

"ఆయమ్మ యాడొస్తాదిమ్మే! కడుపులో బిడ్డ పోయినాదని మీ దొరసానే జెప్పిందంట. మంచం పట్టినాది. కూడు తినేది లేదు, పలికేది లేదు."

లూదియా చేతిలో దూది కిందపడింది. లేచి లోపలికి పోయి గుద్రూన్‌కు చెప్పింది.

"నేను అట్లా చెప్పలేదు" అంది గుద్రూన్. "బిడ్డ బాగుంది. ఆమె బాగుందా అని అడిగింది. నేను అవునన్నాను."

"ఏమని చెప్పారు? తెలుగులో చెప్పారా?"

"తెలుగులోనే. అవును అని చెప్పాను."

"నిజంగా 'అవును' అన్నారా సిస్టర్? బాగా గుర్తుందా?"

గుద్రూన్ ఊపిరి చటుక్కున లోపలికి లాక్కుంది.

రెండేళ్లుగా చెవి పక్కనే ఉండి వినపడకుండా పోయిన శబ్దం అప్పుడు లూదియాకు మళ్లీ మొదటిరోజు విన్నట్టు వినపడింది.

"ఇప్పుడు మీరు ఏమన్నారు?"

"అవునన్నాను."

"అనలేదు సిస్టర్. ఊపిరి తీసుకున్నారు. మాట అనలేదు. ఇక్కడ ఆ శబ్దం ఎప్పుడు చేస్తారో తెలుసా? దెబ్బ తగిలితే. పాము కనిపిస్తే. పోయినవాళ్లను చూస్తే."

గుద్రూన్‌కు చాలాసేపు అర్థం కాలేదు. తను అట్లా చేస్తానని ఆమెకు తెలియనే తెలియదు. వాళ్ల ఊళ్లో అందరూ చేస్తారు, అమ్మ చేసేది, అమ్మమ్మ చేసేది. ఎవరూ దాన్ని శబ్దమని అనుకోరు. అర్థమయ్యాక ఆమె ముఖం గోడ సున్నంలాగా అయిపోయింది. రిజిస్టరు తీసి 'వస్తుంది' అని తను రాసిన మాట మీద వేలు పెట్టి, "మరి తల వాల్చింది కదా?" అంది.

"ఎట్లా వాల్చింది?"

గుద్రూన్ చేసి చూపించింది. కళ్లు మూసి, తల వాల్చి, అట్లాగే ఉంచింది.

"అది అవును కాదు సిస్టర్" అంది లూదియా. "అది 'ఇక నా చేతిలో ఏముంది' అని. నేను మీకు ఒక్కటే చెప్పినాను. రెండోది చెప్పలేదు."

వసారాలో ఉన్నవాళ్లకు వచ్చే శుక్రవారం రమ్మని చెప్పి, ఇద్దరూ జీపు ఎక్కారు. మధ్యాహ్నం ఎండ పల్చగా ఉంది. ఇస్సాకు జీపును దొర్నిపాడు దారికి తిప్పాడు. బండి బాటలో దుమ్ము లేచి, వెనక ఒక పొడుగాటి తెరలాగా నిలబడింది.

రామేశ్వరమ్మ గుమ్మంలోనే ఎదురయింది. అరవై ఏళ్ల మనిషి, చేతులు పిండితో ఉన్నాయి.

"ఇంకా ఏం జెప్పనీకొచ్చినారు?" అంది.

"పెద్దమ్మా, సిస్టరు జెప్పింది మీ కోడలికి వేరేగా అర్థమయినాది. బిడ్డ బతికే ఉండాది. ఒక్కసారి చూడనీ."

రామేశ్వరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఆయమ్మను లోపలికి పొమ్మను. నువ్వాడనే ఉండు."

లూదియా ఆగిపోయింది. ఆమెకు అది కొత్త కాదు. ఆ ఇంటి చేలల్లోనే ఆమె తల్లి పత్తి ఏరింది. వాకిలి దాటింది లేదు. గుద్రూన్ వెనక్కి తిరిగి చూస్తే, పోండి అన్నట్టు చేయి ఊపింది.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. ప్రమీలమ్మ గుద్రూన్‌ను చూసి గోడ వైపు తిరిగింది. గుద్రూన్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మెల్లగా కడుపు మీద గొట్టం ఆనించింది. ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టారు. కొంచెం వెతికింది. దొరికింది. సన్నగా, వేగంగా, దూరాన పిండిమర ఆడుతున్నట్టు. ఆ సంతోషంలో, తనకు తెలియకుండానే, ఆమె "హుప్" అని లోపలికి లాక్కుంది.

ప్రమీలమ్మ సన్నగా మూలిగింది. ఆ రెండు శబ్దాలూ వాకిట్లో ఉన్న లూదియాకు వినపడ్డాయి. ఏం చేస్తోందో ఆలోచించే లోపలే ఆమె చెప్పులు విడిచి, గడప దాటి, నడవ దాటి, గదిలో ఉంది.

"ఏమ్మే!" అని రామేశ్వరమ్మ కేక వెనక నుంచి వచ్చింది. లూదియా తిరిగి చూడలేదు.

"ప్రమీలమ్మా, ఇట్ల తిరుగు. ఆమె దేశంలో అవునంటే అట్లనే అంటారు. నోటితో చెప్పరు. ఊపిరి లోపలికి తీస్తారు. అంతే. నువ్వు బాగుండాదా అంటే ఆమె బాగుందనే చెప్పినాది."

"నన్ను ఓదార్చనీకి చెప్తాండావక్కా."

"నా మాట నమ్మొద్దు. నువ్వే అడుగు. ఏందైనా అడుగు. నేను ఆమెకు ఇంగ్లీషులో చెప్తా. ఏమంటాదో నువ్వే చూడు."

కిటికీ అవతల ఎవరో ఎద్దులను అదిలిస్తున్నారు. ప్రమీలమ్మ గోడతోనే చెప్తున్నట్టు అడిగింది. "ఆయమ్మకు అమ్మ ఉండాదా?"

లూదియా అడిగింది. "హుప్" అంది గుద్రూన్.

ప్రమీలమ్మ కొంచెం తిరిగింది. "వాళ్లూర్లో వానొస్తాదా?"

"హుప్."

"బిడ్డలుండారా ఆయమ్మకు?"

గుద్రూన్ తల అడ్డంగా ఊపింది. ఊపిరి శబ్దం రాలేదు. ఆ నలభై ఏళ్ల మనిషి కళ్లలో ఏదో కదిలి, మళ్లీ అడుగుకు పోయింది. ప్రమీలమ్మ అప్పుడు మొదటిసారి ఆమె పెదాలను గాక కళ్లను చూసింది. మోచేతి మీద లేచి కూర్చుంది. ఈసారి లూదియాను అడగమనలేదు. గుద్రూన్‌నే అడిగింది.

"నా బిడ్డ బతికుండాదా?"

గుద్రూన్‌కు ఆ తెలుగు అర్థమయింది. మాట పలకబోయింది. ముందు ఊపిరే లోపలికి పోయింది. తర్వాత "అవును, అవును, అవును" అని మూడుసార్లు పైకి అంది.

రామేశ్వరమ్మ ముందుకు వచ్చి, పిండి చేతులు పైటకు తుడుచుకుని, గొట్టం కోసం చేయి చాపింది. గుద్రూన్ ఆమె చెవికి ఆనించి చూపించింది. ముసలామె కడుపు మీదికి వంగి, నోరు కొంచెం తెరిచి, విన్నది. ఎంతసేపటికీ లేవలేదు. చివరికి నాలుకతో "ప్చ్" అంది.

గుద్రూన్ బెదిరిపోయి లూదియా వైపు చూసింది. ఇప్పుడేమయింది అన్నట్టు.

"ఏం లేదు సిస్టర్" అంది లూదియా. "ఆశ్చర్యపోతున్నారు, అంతే."

ఆ సాయంత్రం ప్రమీలమ్మ గిన్నెడు జొన్న సంకటి తిన్నది. బిడ్డ తన్నినప్పుడు చేయి అడ్డం పెట్టలేదు. "నిన్ను లేవని అంటి నాయనా" అని క్షమాపణ చెప్పుకుంది.

లూదియా వెళ్లిపోయాక ఆ గది అంతా కడిగి పసుపు నీళ్లు చల్లారు. ఆ సంగతి కూడా ప్రమీలమ్మే తర్వాత చెప్పి, తల దించుకుంది. లూదియాకు అది ఆమె చెప్పకముందే తెలుసు.

జనవరిలో ఎనిమిదో నెల పడగానే జీపు పోయి ప్రమీలమ్మను నంద్యాలకు తీసుకొచ్చింది. తోడుగా రామేశ్వరమ్మ వచ్చింది. ఫిబ్రవరి మొదటి వారంలో ఒక పొద్దున, కాలువ మీద ఆవిరి లేస్తుండగా ఆడబిడ్డ పుట్టింది. మూడు వారాలు తల్లి తినకపోవడం వల్లో, అది ముందే రావడం వల్లో ఎవరికీ తెలియదు గానీ, బిడ్డ మరీ చిన్నది. నాలుగు పౌన్లు కూడా లేదు. దూదిలో చుట్టి, పక్కన వేడి నీళ్ల సీసాలు పెట్టి, నెల రోజులు కాపాడారు. గుద్రూన్ తన వంతు కాని రోజుల్లో కూడా వచ్చి ఆ తొట్టి పక్కన కూర్చునేది. తన ఊపిరి వల్ల ఈ బిడ్డ బరువు తగ్గిందని ఆమె మనసులో పడిపోయింది. కాదని లూదియా ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. బిడ్డకు జయలక్ష్మి అని పేరు పెట్టారు.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం కాలువ గట్టు మీద కూర్చుని లూదియా గుద్రూన్‌కు తల వాల్చే తీరులన్నీ నేర్పించింది. గబగబా రెండుసార్లు వాల్చితే సరే సరే అని. ఒక్కసారి నెమ్మదిగా వాల్చితే ఒప్పుకున్నానని. వాల్చి నవ్వితే నీకు తెలియనిదేముందని. కళ్లు మూసి వాల్చితే దగ్గర కూర్చుని మళ్లీ అడగాలని. గుద్రూన్ అన్నీ చేసి చూసింది. గట్టు మీద బట్టలు ఉతుకుతున్నవాళ్లు ఈ ఇద్దరినీ చూసి నవ్వారు.

గుద్రూన్ ఆ అలవాటు మానుకోవాలని చాలా ప్రయత్నించింది, కాలేదు. అందుకని ఆళ్లగడ్డ వసారాలో లూదియా ప్రతి మనిషికీ ముందే చెప్పి లోపలికి పంపేది. ఇంకో నాలుగేళ్లకు గుద్రూన్ తన దేశానికి వెళ్లిపోయింది. శుక్రవారాలు లూదియావే అయ్యాయి.

కానీ అవన్నీ తర్వాత. మార్చిలో బిడ్డ ఐదు పౌన్లు దాటాక ఇంటికి పంపించారు. జీపులో ముందు రామేశ్వరమ్మ, వెనక ప్రమీలమ్మ, లూదియా. బిడ్డ నిద్రలో ఉంది. "జోరుగా పోవద్దు ఇస్సాకన్నా" అని ప్రమీలమ్మ రెండుసార్లు చెప్పింది. చేలు కోసేసి ఉన్నాయి. కొండలు ఆ రోజు చాలా దగ్గరగా, కడిగినట్టు కనిపించాయి.

ఇంటి ముందు హారతి ఇచ్చి తల్లీబిడ్డలను లోపలికి తీసుకుపోయారు. లూదియాను ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. ఆమె వాకిట్లో అరుగు అంచు మీద కూర్చుని, ఇస్సాకు రేడియేటర్‌లో నీళ్లు పోయడం చూస్తూ ఉంది. కొంచెంసేపటికి ప్రమీలమ్మ బిడ్డను ఎత్తుకుని బయటికి వచ్చింది. "ఎండలో ఏందే, లోపలికి రా" అని లోపలి నుంచి రామేశ్వరమ్మ పిలిచింది.

"వస్తా అత్తా" అంది ప్రమీలమ్మ.

వచ్చి అరుగు మీద లూదియా పక్కనే కూర్చుంది. బిడ్డను తీసి ఆమె ఒళ్లో పెట్టింది. ఎండ బిడ్డ కాళ్ల మీద పడుతోంది. లూదియా తన కొంగు అడ్డం పట్టింది. జీపు హారన్ మోగేవరకు ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.